సుభాన్ బాషా జల్లెడ యంత్రం

పాకాల స్టేషను బయట, సైకిలు షాపుకూ సోడా కొట్టుకూ నడుమ ఇరుక్కొని ఉండేది సుభాన్ బాషా రేడియో అంగడి. ఒక బల్ల, ఒక స్టూలు, కప్పుదాకా పేర్చిన మూగ రేడియోలు. ఏ రేడియో వచ్చినా విప్పడానికి ముందు చెవి దగ్గర పెట్టుకొని, కళ్లు మూసుకొని కాసేపు వినేవాడు. చేతిపని మంచిది. మనసుకే నిలకడ లేదు. బాగుచేసిన రేడియో అంగడి దాటిపోయినా అతడి దిగులు దాని వెంటే పోయేది. ఇప్పుడు పాడుతోందో లేదో, మధ్యలో గొంతు పట్టేసిందేమో అనుకుంటూ, దారిన పోయేటప్పుడు ఆ ఇంటి కిటికీ పక్కన నిలబడి విని వచ్చేవాడు.

"దిగులు లేని పొద్దు ఒకటి వస్తే, అది యాడికి పోయిందోనని దిగులు పడతావు నువ్వు," అనేది అతడి భార్య షహర్‌బాను.

ఎనభై ఒకటో సంవత్సరంలో వానలు వెనకబట్టాక, రైల్వే ఉద్యోగి ఒకాయన తన రేడియోను ఏదో ఇంగ్లీషు పత్రిక కాగితంలో చుట్టి తెచ్చాడు. బాషాకు ఇంగ్లీషు రాదు. కానీ తీగల బొమ్మలు చదవడం వచ్చు. ఆ కాగితంలో ఉన్నది నేలలో దాగిన లోహాన్ని కనిపెట్టే పరికరమని బొమ్మను చూసే గ్రహించాడు. ఇంట్లో పిండి జల్లెడ తెచ్చి, వల ఊడదీసి, ఆ కొయ్య చట్రం చుట్టూ కాలిపోయిన మోటారులోంచి తీసిన రాగితీగ చుట్టాడు. దానికి వెదురు కర్ర బిగించాడు. పాత రేడియోల్లోని రెండు మూడు భాగాలు అతికి, పక్కన సంచిలో ఒక చిన్న రేడియో పెట్టి తిప్పితే సన్నగా ఈల వచ్చింది. చట్రం కిందికి ఇనుమో ఇత్తడో బంగారమో వస్తే ఆ ఈల గొంతు మారుతుంది. అంతే దాని విద్య.

షహర్‌బాను పెరట్లో ఇసుక పోసి గరిటె దాచిపెడితే, బాషా వెతికి తీశాడు. ఆమె ముక్కుపుడక దాచిపెడితే అదీ తీశాడు. టీకొట్టు దగ్గర ఒకరిద్దరితో చెప్పుకున్నాడు కూడా. చెప్పుకున్నాక, అనవసరంగా నోరు జారానేమోనని ఇంటికొచ్చి బెంగపడ్డాడు.

ధనుర్మాసం వచ్చింది. ఆ ఏడు చలి ముందరి కంటే ఎక్కువ. ఉదయం ఏడు గంటలు దాటినా స్టేషను సిగ్నలు మంచులో కనపడేది కాదు. అలాంటి ఒక ఉదయం, అంగడి తలుపు సగం తెరిచేసరికి కుప్పమ్మ మెట్టు మీద కూచొని ఉంది.

కుప్పమ్మ నాలుగిండ్లలో వాకిళ్లు ఊడ్చి, కళ్లాపి చల్లి, అంట్లు తోమే మనిషి. బాషాను నిక్కరు వేసుకున్న నాటి నుంచి ఎరుగును.

"బాషా, నీ జల్లెడ బంగారాన్ని గూడా కనుక్కుంటాదా?"

"ఎవురు చెప్పినారక్కా నీకు?"

"నీ పెండ్లామే. పిండి జల్లించుకునేదానికి గతి లేక మా ఇంటికి జల్లెడకొచ్చింది." నవ్వబోయింది గానీ నవ్వు నిలవలేదు. "గుడివీధి వరదమ్మగారి కోడలి ఉంగరం పోయింది. శంఖుచక్రాలుంటాయే, అది. కోడలి మామ పెద్దాయప్ప వేలికుండేది. ఆయన పోయినాక కోడలికి పెట్టినారు."

"నిన్నేమన్నా అన్నారా?"

"అన్లేదు. దొంగా అనుంటే ఎదురు మాట్లాడేదాన్ని. శుక్రవారం కాణిపాకం పోయొద్దాం రా కుప్పమ్మా, అనింది."

బాషా చేతిలో తాళం చెవి అలాగే ఆగింది. చిత్తూరు జిల్లాలో ఆ మాటకు అర్థం పసిపిల్లలకూ తెలుసు. తలమీద నీళ్లు పోసుకొని, తడిబట్టలతో వినాయకుడి ఎదుట నిలబడి, నేను తీయలేదని ప్రమాణం చెయ్యాలి. అబద్ధం చెప్పినవాడు ఇల్లు చేరడని నమ్మకం.

"నువ్వు తియ్యలేదు గదా. చేసేస్తే పోలా?"

కుప్పమ్మ సిగ్నలు వైపు చూసింది.

*

బుధవారం తెల్లవారకముందే బాషా లేచాడు. చలికి వేళ్లు వంగడం లేదు. బ్యాటరీలు చలికి బిగుసుకుపోతాయని తెలుసు గనక, వాటిని పొయ్యిగట్టు మీద వరసగా పేర్చాడు. అంతటితో ఆగినా బాగుండేది. డప్పు పలకలు కొట్టేవాళ్లు చలిలో వాయించే ముందు చితుకుల మంటకు పలకను కాచుకుంటారు గదా, కాగినకొద్దీ ఖంగుమంటుంది గదా అని, జల్లెడ చట్రాన్నీ మంటకు అటూ ఇటూ తిప్పి బాగా కాచి, దుప్పటి చుట్టి చంకలో పెట్టుకొని గుడివీధికి బయలుదేరాడు.

వరదమ్మ అరుగు మీద శాలువా కప్పుకొని కూచొని ఉంది. పెద్ద పిలక, పెద్ద మడి ఉన్న ఇల్లు. ఆమె భర్త బతికినన్నాళ్లూ పెరుమాళ్ల సేవలోనే గడిపాడు. కొడుకు తిరుపతిలో ఆఫీసు ఉద్యోగం, శనివారం వచ్చి సోమవారం పోతాడు. కోడలు కుముదవల్లి తలుపు వెనక నిలబడింది. ఇంటికి వచ్చి రెండేళ్లయింది గానీ ఆ తలుపు వెనకనుంచి గొంతు బయటికి వచ్చేది తక్కువ.

"రోజూ గొబ్బెమ్మలకు పేడ కలిపే ముందు ఉంగరం తీసి ఆ గూట్లో పెడుతుంది," వరదమ్మ గుమ్మం పక్క దీపపు గూడు చూపించింది. "ఆ పొద్దూ పెట్టింది. గూటి కిందనే కుప్పమ్మ చీపురు పెట్టేది. నేనింక ఏమీ చెప్పను."

కుప్పమ్మ వీధి అవతల గోడకు ఆనుకొని నిలబడింది.

బాషా ముగ్గు తొక్కకుండా పక్కనుంచి మొదలుపెట్టాడు. చట్రం నేలకు దించగానే ఈల గొంతు మారింది. తవ్వాడు. మట్టి. పక్కకు జరిగాడు. మళ్లీ మారింది. తవ్వాడు. మట్టి. ఎక్కడ పెట్టినా ఈల దానంతటదే కిందికి జారుతూ పోతోంది, గాలి దిగిన బెలూనులా.

"బాషా, గొబ్బెమ్మలు పెట్టే వాకిలది," అంది వరదమ్మ. "బావి తవ్వుతున్నావేంటప్పా?"

వీధిలో ఇద్దరు నవ్వారు. బాషా చెవులు వేడెక్కాయి. చట్రాన్ని గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడు. కింద నేల లేదు, లోహం లేదు. అయినా ఈల జారుతూనే ఉంది. అప్పుడు తీగను చేత్తో తాకి చూశాడు. ఇంకా వెచ్చగా ఉంది. పలక కాగితే పలుకుతుంది. ఇది కాగింది గనకనే చల్లారుతూ చల్లారుతూ గొంతు మార్చుకుంటోంది. తన తెలివికి తనే సిగ్గుపడి, యంత్రాన్ని మంచు పడుతున్న రాతిమీద పెట్టి, అరుగు చివర గొంతుక్కూచున్నాడు.

"ఏమి, అలిగిందా?"

"లేదమ్మా. చలికి అలవాటు పడాల. కాసేపు వదిలేయండి."

కాసేపటికి ఈల ఒక గొంతు మీద నిలిచింది. ఈసారి మొదలుపెడితే నిజంగానే పలికింది. పలికిన చోటల్లా తవ్వితే ఎద్దుల కాళ్లకు కొట్టే లాడం మేకులు, ఒక ఇత్తడి బొత్తాం, తుప్పుపట్టిన గొళ్లెం. గూటి కింద, తులసికోట చుట్టూ, కాలవ పొడుగునా వెతికాడు. మడ్డి ఎత్తి ఒడ్డున పోయించి దానిమీద కూడా తిప్పాడు. పొద్దు పైకొచ్చి మంచు కరిగింది. ఉంగరం లేదు.

బాషా నడుము నిమిరుకుంటూ లేచాడు. "ఈడ లేదమ్మా. వాకిలంతా చూసినాను. ఉంటే పలికేది."

వరదమ్మ తల ఊపింది. కోపం లేదు ఆమె ముఖంలో. అది చూసే బాషాకు భయం వేసింది.

"ఇన్నాళ్లూ నా మనసు పీకుతూనే ఉంది బాషా, వాకిట్లోనే ఎక్కడో పడిందేమో, ఊరికే మనిషిని అనుమానిస్తున్నానేమో అని. ఇప్పుడు యంత్రమే చెప్పింది గదా, లేదని." వీధి అవతలికి గొంతు పెంచింది. "కుప్పమ్మా, శుక్రవారం తొలి బస్సుకే పోదాం."

మంచి చేద్దామని వచ్చి తనేం చేశాడో బాషాకు అప్పటికి గాని అర్థం కాలేదు. నిన్నటిదాకా అది ఒక ముసలామె అనుమానం. ఇప్పుడు దానికి సాక్షి దొరికాడు.

*

కుప్పమ్మ అతడితోపాటే రైలు కట్ట దాకా నడిచింది. తిట్టినా బాగుండుననుకున్నాడు.

"అక్కా, దేవుడి ముందర నిజం చెప్పేదానికి నీకెందుకు దడ?"

ఆమె కట్ట మీద కూచుంది. "ప్రమాణం ఎట్లా చేయిస్తారో తెలుసునా నీకు? ఈ ఇంటి సొమ్ము ఏదీ నేను ముట్టలేదని అనాల. ఉంగరం ఒక్కటే ముట్టలేదని అనరు."

"అయితే?"

"చలికాలం వస్తే నేను తట్టుకోలేను బాషా. ఆ ఇంట్లో కాఫీగింజలు వేయించి తిప్పుతారే, ఆ వాసనకు... డబ్బా కడిగేటప్పుడు అడుగున ఉండేది కొంగులో కట్టుకోనొస్తా. అడుగుది అంటే అడుగుదే కాదు. కొంచెం పైది గూడా." చీర చెరగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఉంగరం తియ్యలేదని చెప్తే నిజం. ఏదీ ముట్టలేదంటే అబద్ధం. దేవుడు రెండూ కలిపి కొడితే నేనేం జేసేది?"

"కాఫీపొడికి ఎవురు కొడతారక్కా?"

"ఆయన కాఫీ తాగడు గదా. దాని విలువ ఆయనకేం తెలుసు, ఎంత శిక్ష వేస్తాడో."

బాషాకు నవ్వు రాబోయింది. ఆమె ముఖం చూసి మింగేశాడు. ఒకవేళ ఆ మాట ఇప్పుడు వరదమ్మతో చెప్పినా చిక్కే. పొడి తీసిన చెయ్యి ఉంగరం తీయదా అంటారు.

ఆ మధ్యాహ్నం బల్ల మీద రేడియో విప్పి, మళ్లీ మూసేశాడు. షహర్‌బాను అన్నం పెడితే కలిపి వదిలేశాడు. తన ఈల సరిగ్గానే పలికింది. ఉంగరం వాకిట్లో లేని మాట నిజమే. గూట్లోంచి ఉంగరానికి కాళ్లొచ్చాయా? అసలు గూట్లోకి అది చేరిందా? చేరిందని చెప్పింది కుముదవల్లి ఒక్కతే. ఆమెను అబద్ధాలకోరని అనుకోవడానికి మనసొప్పలేదు. కానీ రోజూ చేసే పనిని నిన్న కూడా చేశామనే అనుకుంటాం. అంగడికి తాళం వేశానని ఒట్టు పెట్టి, తీరా వెళ్లి చూస్తే బార్లా తెరిచి ఉన్న రోజులు తనకెన్ని లేవు?

*

గురువారం ఉదయం, నిన్న తవ్విన గుంతలు పూడుస్తానని చెప్పి మళ్లీ గుడివీధికి వెళ్లాడు. యంత్రాన్ని ఈసారి మంటకు చూపలేదు. చన్నీళ్ల స్నానం చేసి, తడిజుట్టుకు తుండు చుట్టుకొని, కుముదవల్లి ముగ్గు వేస్తోంది. పళ్లు టకటకమంటున్నాయి. వరదమ్మ లోపల తిరుప్పావై చదువుకుంటోంది. ఉంగరం లేని వేలు బోసిగా ఉందనేమో, కోడలు ఆ వేలికి ఒక రాగి ఉంగరం పెట్టుకుంది.

"అమ్మా, ఆ పొద్దు ఏమేం చేసినావో అదంతా అట్లే చెయ్యి తల్లీ. నేను ఊరికే చూస్తాను."

"చెప్పినాను గదా. ముగ్గు వేసినాను, ఉంగరం తీసి గూట్లో పెట్టినాను, పేడ కలిపినాను."

"చెప్పొద్దు. చెయ్యి."

ఆమె ముగ్గు గిన్నె కింద పెట్టింది. చేతులు చంకల్లో పెట్టుకొని వెచ్చబరచుకుంది. పాలు పితికిన దొడ్లోంచి కుప్పమ్మ అప్పుడే తెచ్చి పెట్టి పోయిన తట్టలో పేడ ఇంకా పొగలు గక్కుతోంది. ఆ వెచ్చదనానికి ఆశపడ్డట్టు రెండు చేతులూ గబుక్కున అందులోకి పెట్టేసింది. పిసికింది. ముద్ద చేసింది. రెండో ముద్దకు వంగబోయి, బాషా కదలకుండా తన చేతుల్ని చూస్తుండడం గమనించి ఆగింది.

రాగి ఉంగరం గూట్లో లేదు. చెయ్యి పైకి తీసింది. చన్నీళ్లకు ముడుచుకుపోయిన వేలిమీద అది జారి, చివరి కణుపు దగ్గర వేలాడుతోంది. ఇంకొక్క ముద్ద చేసి ఉంటే అదీ పోయేదే.

ఇద్దరూ దాన్ని చూశారు.

"రోజూ తీసి పెడతాను బాషా," అంది గొంతు వినపడీ వినపడకుండా. "ఆ పొద్దూ పెట్టినాననే అనుకున్నాను. ఒట్టు."

"తెలుసు తల్లీ. ఎత్తేసిన గొబ్బెమ్మలు ఏం చేస్తారు?"

"పెరటిగోడకు తడతాము. రథసప్తమికి పాలు పొంగించేదానికి."

పెరటిగోడ మీద తిప్పాడు. ఈల చెక్కుచెదరలేదు. "ముద్దలకు పోను మిగిలే పేడ?"

"కుప్పమ్మ తట్టలోనే వదిలేస్తాను. ఆమె తీసుకుపోయి పిడకలు కొట్టుకుంటుంది."

ఆ మాట వినగానే ముందు సంతోషం వచ్చింది. దాని వెనకే చలి వచ్చింది. ఉంగరం దొరికితే కుప్పమ్మ ఇంట్లో దొరుకుతుంది. కుప్పమ్మ గోడలో, కుప్పమ్మ చేత్తో కొట్టిన పిడకలో. దొంగసొమ్ము దాచుకోవడానికి అంతకంటే మంచి చోటు ఉందా అంటారు. తనే వెళ్లి గుట్టుగా తీసి, గూట్లో పెట్టేస్తే? రేపు బస్సు ఆగుతుంది. కానీ ప్రమాణానికి భయపడి తెచ్చి పడేసిందన్న మాట కుప్పమ్మ బతికినంతకాలం ఉంటుంది.

"తల్లీ, ఒక పని నువ్వే చెయ్యాల. మీ అత్తకు ఇప్పుడే చెప్పు. ఉంగరం తియ్యకుండానే చెయ్యి పెట్టినానేమో అని."

కుముదవల్లి ముఖం తెల్లబోయింది. "దొరకనీ. దొరికినాక చెప్తాను."

"దొరికినాక చెప్తే ఎవురు నమ్ముతారు? కుప్పమ్మను కాపాడేదానికి చెప్తాండావంటారు. దొరక్కముందే చెప్పాల."

"దొరక్కపోతే? అప్పుడు మామగారి ఉంగరం పోగొట్టింది నేనవుతాను గదా."

నిజంగానే, ఆ పిడక ఈపాటికి పొయ్యిలోకి పోయి ఉండవచ్చు. "అవుతావు," అన్నాడు చివరికి.

ఆమె చేతులు కడుక్కుంది. మణికట్లదాకా ఎర్రబడేట్టు కడుక్కుంది. తర్వాత లోపలికి వెళ్లింది. పాశురం మధ్యలో ఆగింది. బాషా వీధిలో నిలబడి చెవి రిక్కించాడు. ఏ రేడియో దగ్గరా అంత భయంగా విన్నది లేదు. లోపలినుంచి ఏమీ వినపడలేదు. అరుపులు లేవు, ఏడుపు లేదు. మంచు అతడి టోపీ మీద తడిగా పేరుకుంది.

చాలాసేపటికి వరదమ్మ బయటికి వచ్చింది. శాలువా చెవులదాకా లాక్కుంది. వెనకాల కోడలు, కళ్లు ఉబ్బి.

"ఆ గోడ ఎక్కడుందో చూపించు," అంది.

*

వాళ్లు ముగ్గురూ తన సందులోకి తిరగడం చూడగానే కుప్పమ్మ చేతిలో చెంబు కింద పెట్టేసింది. యంత్రాన్ని చూసింది, తన గోడను చూసింది. బాషా చెప్పబోయే లోపే అర్థమైంది ఆమెకు, సగం మాత్రమే.

"నా ఇంటిమీదికే తెచ్చినావా బాషా?"

"కోడలు పిల్ల చెప్పిందక్కా. ఉంగరం తియ్యకుండానే పేడ కలిపిందంట. పెద్దమ్మతో చెప్పేసింది."

కుప్పమ్మ కుముదవల్లి వంక చూసింది. కుముదవల్లి తల ఊపింది.

మామూలుగా అయితే కొట్టిన పిడకలు రెండెండలకు ఒలిచి పొయ్యిలో పెట్టేదే. ఈ మంచుకు ఏవీ ఆరలేదు. గోడనిండా ఆమె అయిదు వేళ్ల అచ్చులతో పచ్చి పిడకలు అలాగే అంటుకొని ఉన్నాయి. అటక మీద పాత ఎండు పిడకలే ఇన్నాళ్లూ కాల్చుకుంది. బాషా యంత్రాన్ని నేలమీద పెట్టి, గొంతు నిలిచేదాకా ఆగాడు. ఆగడం ఇప్పుడు వరదమ్మకూ తెలిసిపోయింది, ఏమని అడగలేదు.

పై వరుస మీద తిప్పాడు. ఏమీ లేదు. రెండో వరుసలో ఒకచోట ఈల తుళ్లిపడింది. కుప్పమ్మ గబగబా పిడక ఊడబెరికితే గోడలో దిగ్గొట్టిన మేకు. మూడో వరుస. నాలుగో వరుస. గోడ అయిపోవస్తోంది. బాషా దిగులు మళ్లీ మొదలైంది. కాల్చిన వాటిలో కలిసిపోయిందేమో, వేరే ఎక్కడో పడిందేమో, తను మళ్లీ ఈ ఆడమనిషిని ముంచేస్తున్నాడేమో.

నేలకు జానెడెత్తున, మూలనున్న పిడక దగ్గర ఈల సన్నగా పైకి లేచింది. వెనక్కు జరిపాడు, దిగింది. ముందుకు పెట్టాడు, లేచింది.

"నేను తియ్యను," అన్నాడు. "కుప్పక్కా, నువ్వు గూడా ముట్టొద్దు."

వరదమ్మ వంగింది. మడి సంగతి తలచుకున్నట్టు ఒక్క క్షణం ఆగి, చేత్తోనే ఆ పిడకను గోడనుంచి ఒలిచి రెండుగా విరిచింది. లోపల పసుపుపచ్చగా అంచు కనపడింది. చెంబు నీళ్లు కుప్పమ్మే పోసింది. శంఖం బయటపడింది, తర్వాత చక్రం.

వరదమ్మ దాన్ని తన కొంగున ముడివేసుకుంది. కోడలి వేలికి తొడగలేదు. "పొంగలికి నెయ్యి కరగబెట్టేది ఉంది," అని నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కు తిరగకుండానే అంది: "రేపు కాణిపాకం వద్దులే కుప్పమ్మా. పొద్దున పనికి రా."

కాణిపాకం వద్దనగానే కుప్పమ్మ భుజాలు కిందికి దిగడం బాషా ఒక్కడే చూశాడు. ఎందుకో అతడొక్కడికే తెలుసు.

"సూస్తాలే అమ్మా," అంది కుప్పమ్మ.

అత్తాకోడళ్లు సందు మలుపు తిరిగారు. బాషా రేడియో మీట నొక్కి ఈల ఆపాడు. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఊపిరి తేలికగా ఆడింది.

"ఇంక బాధ తీరింది గదక్కా. పనికి పో. అడిగింది గదా."

కుప్పమ్మ ఊడిన పిడకల్ని తడిచేసి మళ్లీ గోడకు తడుతోంది. "ఉంగరం దొరికింది గాబట్టి ఈపొద్దు నేను మంచిదాన్నయినాను. రేపు గిన్నె కనపడకపోతే? నువ్వు పొద్దస్తమానం నా వెనకాల జల్లెడ ఎత్తుకోని తిరుగుతావా?"

బాషా తలవంచుకొని యంత్రానికి దుప్పటి చుట్టాడు.

"పోకుండానూ ఉండలేనులే," అంది ఆమె చెయ్యి కడుక్కుంటూ. "నాలుగు రోజులు పోనీ. ఆ పిల్లే ఊడ్చుకుంటాది వాకిలి." పొయ్యిమీద కుండ మూత తీసి చూసింది. "కూచో. రాగి అంబలి కాగతాండాది. తాగి పో, చలిగా ఉండాది."